అమ్మానాన్నల సైగల భాష వచ్చు, కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడవచ్చా?

ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. అందులో ఒక మైనర్ బాలిక కేసు ఉంది. అందుకని ఊరు, బంధుత్వాలు, తేదీలు, గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలన్నీ తీసేసి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఈమెకు ఇరవై ఏడేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న పట్టణం. అమ్మ, నాన్న ఇద్దరూ పుట్టుకతో బధిరులు. ఈమెకు మాటల కంటే ముందు సైగలే వచ్చాయి. బడిలో చేరినప్పటి నుంచి ఆస్పత్రిలో, బ్యాంకులో, రేషన్ కార్డు పనిలో అమ్మానాన్నల తరఫున ఈమే మాట్లాడేది. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది, పెళ్లయింది. బధిరుల సంఘంలో ఎవరికి ఏ అవసరం వచ్చినా ఇప్పటికీ ఫోన్ ఈమెకే వస్తుంది.

కొన్ని వారాల క్రితం పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. ఒక బధిర బాలికపై లైంగిక దాడి జరిగిందని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద కేసు నమోదైంది, అమ్మాయి చెప్పేది అర్థం చేసుకోవడానికి ఎవరూ దొరకడం లేదు, రమ్మన్నారు. మహిళా ఎస్సై మఫ్టీలో వచ్చి, బాలిక ఇంట్లోనే మాట్లాడారు. కానీ ఆ అమ్మాయి ఎప్పుడూ బడికి వెళ్లలేదు. ఈమెకు వచ్చిన సైగల భాష ఆ అమ్మాయికి రాదు. తల్లితో, చెల్లెలితో కలిసి తయారు చేసుకున్న ఇంటి సైగలే ఆమెకున్న భాష. గదిలో తల్లి, మేనత్త కూర్చున్నారు. మధ్యమధ్యలో వాళ్లే అందించారు. "అతనే చేశాడా అని అడుగమ్మా" అని ఎస్సై అన్నప్పుడు ఈమె అడిగింది, అమ్మాయి తలూపింది. ఎప్పుడు జరిగింది, ఎన్నిసార్లు జరిగింది అన్న రెండు చోట్ల ఈమెకు సరిగ్గా అర్థం కాలేదు. "ఇదే అయి ఉంటుంది" అనుకుని చెప్పేసింది. కానిస్టేబుల్ ఫోన్‌లో తీసిన వీడియోలో అమ్మాయి కనిపిస్తోంది, ఈమె వీపు మాత్రమే పడింది. ఆటో ఖర్చులు ఇచ్చి పంపించారు.

ఇప్పుడు మేజిస్ట్రేట్ ముందు బాలిక వాంగ్మూలం తీసుకుంటారట, మళ్లీ రమ్మంటున్నారు. బాలిక బాబాయి సంఘంలో నాన్నగారికి స్నేహితుడు. "మనం కాకపోతే ఆ పిల్లకు ఎవరున్నారు, నువ్వు వెళ్లాలి" అని నాన్న. "కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి, మనకెందుకు ఈ టెన్షన్" అని భర్త. ఈమెకు రాత్రుళ్లు నిద్ర లేదు. మూడు ప్రశ్నలు అడిగింది: మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలా వద్దా? సికింద్రాబాద్‌లో రెండేళ్ల డిప్లొమా ఉందట, ఉద్యోగం మానేసి అందులో చేరాలా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రోజు నేను తప్పు చేశానా?

జవాబు

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీ నిద్ర చెడగొడుతున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

ఆ గదిలోకి మిమ్మల్ని పంపిన తీరే సరైంది కాదు. అమ్మాయికి ఏ భాష వచ్చో ముందుగా తెలుసుకునే వీలు మీకు ఇవ్వలేదు. మీ పని ఎంతవరకో చెప్పలేదు. బంధువులను పక్కగదిలో ఉండమనలేదు. సైగల భాష తెలిసిన మనిషి దొరికితే చాలు, అద్దం పెట్టినట్టు అన్నీ అవతలికి చేరిపోతాయని అందరూ అనుకున్నారు. ఆ భారమంతా మీరు నెత్తిన వేసుకోనక్కర్లేదు. కానీ రెండు చోట్ల ఊహించి చెప్పిన సంగతి లోకంలో మీ ఒక్కరికే తెలుసు. దాన్ని సరిచేయగలిగింది కూడా మీరొక్కరే. ఇంకా సమయం మించిపోలేదు, ఎలాగో కింద చెబుతాను.

మీరు ఎందుకు ఊహించారో అర్థం చేసుకోవడం ముఖ్యం, ఎందుకంటే శిక్షణ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు బధిర తల్లిదండ్రుల పిల్లల్లో నాకు తరచూ కనిపించే గుణం ఒకటుంది. చేతుల వేగం, ముఖ కవళికలు, బధిరుల మనసు తెలియడం, వీటిలో వాళ్లకు సాటి లేరు. అయితే చిన్నప్పటి నుంచి వాళ్లు ఇంట్లో చేసింది సర్దుబాటు. డాక్టరు విసుక్కుంటే ఆ విసుగు అమ్మకు చెప్పరు. నాన్న కోపంగా అన్నది బ్యాంకు ఆఫీసరుకు మెత్తగా చెబుతారు. మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే పని ఆగిపోకుండా ఏదో ఒకటి అల్లుకుపోతారు. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకంటే దారి లేదు, ఆ సర్దుబాటు వల్లే మీ ఇల్లు నడిచింది. కోర్టు పనికి మాత్రం సరిగ్గా దానికి విరుద్ధమైన అలవాటు కావాలి. అక్కడ ఇంటర్‌ప్రెటర్ నోట రావాల్సిన అతి విలువైన మాట, "అయ్యా, ఈ సైగ నాకు అర్థం కాలేదు, మళ్లీ అడగడానికి అనుమతించండి" అన్నది. పని ఆగిపోతుందేమోనన్న భయం లేకుండా, పదిమంది ముందు, నల్లకోట్ల మధ్య ఆ మాట అనగలగాలి. అది పుట్టుకతో రాదు, నేర్చుకుంటేనే వస్తుంది.

మేజిస్ట్రేట్ ముందు ఇచ్చే ఈ వాంగ్మూలం ఎంత బరువైనదో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 183వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న బాధితురాలి వాంగ్మూలాన్ని ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ (వైకల్యం ఉన్నవారికి బోధించే శిక్షణ పొందినవారు) సాయంతో తీసుకోవాలి, వీడియో తీయాలి. దీనికి ముందున్న సీఆర్‌పీసీలో 164వ సెక్షన్‌కు 2013లో చేర్చిన ఏర్పాటే ఇది. ఇలా తీసుకున్న వాంగ్మూలం తర్వాత విచారణలో ప్రధాన సాక్ష్యం స్థానంలో నిలుస్తుంది. అంటే ఆ అమ్మాయి చేత మళ్లీ మొదటి నుంచి చెప్పించకుండా నేరుగా క్రాస్ ఎగ్జామినేషన్‌కు, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలకు, వెళ్లిపోవచ్చు. పిల్లను పదేపదే బాధపెట్టకూడదన్న మంచి ఉద్దేశం అందులో ఉంది. కానీ ఆ ఒక్కసారి ఇంటర్‌ప్రెటర్ తడబడితే, ఆ తడబాటు కూడా అలాగే రికార్డులో నిలిచిపోతుంది.

2012లో సుప్రీంకోర్టు రాజస్థాన్ రాష్ట్రం - దర్శన్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. హత్య కేసు అది. చనిపోయిన వ్యక్తి భార్య ముఖ్య సాక్షి, ఆమె బధిరురాలు. ఆమె సైగలకు అర్థం చెప్పింది ఆమె తండ్రే. దర్యాప్తులోనూ ఆయనే, కోర్టులోనూ ఆయనే, అదీ ప్రమాణం చేయకుండా. బధిరులు సాక్ష్యం చెప్పడానికి పూర్తిగా అర్హులేనని కోర్టు స్పష్టంగా చెప్పింది. అయితే ఇంటర్‌ప్రెటర్ సాక్షి పరిసరాలు తెలిసినవాడై ఉండాలి, కేసులో ఏ ఆసక్తీ లేనివాడై ఉండాలి, ఆయన చేత ప్రమాణం చేయించాలి అంది. ఆ సాక్ష్యం నిలబడలేదు. నిందితుడిని హైకోర్టు విడుదల చేయడాన్ని సుప్రీంకోర్టు మార్చలేదు. ఆ తండ్రి కూతురి మీద ప్రేమతోనే నిలబడి ఉంటాడు. కానీ ఆయన అక్కడ ఉండటమే కేసుకు అడ్డమైంది.

మీ నాన్నగారికి బాలిక బాబాయి స్నేహితుడన్న విషయాన్ని మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం అది పెద్ద విషయంగా కనిపిస్తోంది. 2020 నాటి పోక్సో నియమాలు ఇంటర్‌ప్రెటర్ నిష్పక్షపాతంగా ఉండాలనీ, ఆసక్తి ఉన్నా, ఉన్నట్టు అనిపించే అవకాశం ఉన్నా ముందే చెప్పాలనీ, చేర్పులూ కోతలూ లేకుండా పూర్తిగా చెప్పాలనీ అంటున్నాయి. మన జిల్లాల్లో బధిరుల లోకం చాలా చిన్నది. ఒకరికొకరు తెలియకుండా ఉండరు. పరిచయం ఉన్నంత మాత్రాన మీరు పనికిరారని నేను అనను. మేజిస్ట్రేట్ అడగకముందే మీరే చెప్పాలి. చెబితే నిర్ణయం ఆయనది. చెప్పకుండా ఉంటే, ఎప్పుడో డిఫెన్స్ లాయరు బయటపెట్టిన రోజున మీ మాటతో పాటు ఆ పిల్ల మాటనూ అనుమానిస్తారు.

ఇక భాష సంగతి. ఆ రోజు మీకు ఎదురైన కష్టంలో సగం అర్హత లేకపోవడం వల్ల వచ్చింది కాదు, అది ఆ పనిలోనే ఉన్న కష్టం. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నప్పుడు మనమందరం గర్వపడ్డాం. అక్కడ ఇద్దరి మధ్యా స్థిరమైన ఒక భాష ఉంది. మీరు కూర్చున్న గదిలో అది లేదు. బడి ముఖం చూడని బధిర పిల్లలకు నెల, తేదీ, వారం అన్న చట్రం ఉండకపోవచ్చు. "ఎప్పుడు" అని అడిగితే జవాబు రాదు. వర్షం పడుతోందా, నాన్న ఊళ్లో ఉన్నాడా, సంక్రాంతి ముగ్గులు వేశారా అని ఆ పిల్ల జీవితంలోని గుర్తులు పట్టుకుని అడగాలి. అలా అడగడానికి మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఏ ప్రశ్నను ఎలా మార్చి అడుగుతున్నారో రికార్డులో ఉండాలి. తలూపడం ఇంకో చిక్కు. బధిర పిల్లలు చాలాసార్లు "చూస్తున్నాను, చెప్పు" అన్నట్టు తలూపుతారు. పెద్దవాళ్లను సంతోషపెట్టడానికీ ఊపుతారు. దాన్ని "అవును" అని రాసేస్తే అది సాక్ష్యమైపోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి, మాట్లాడే భాషల ఇంటర్‌ప్రెటర్లకు ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. తెలుగులో "నిన్ను ముట్టుకున్నాడా?" అని ఎక్కడ, ఎలా అన్నది చెప్పకుండా అడగవచ్చు. చేతులతో అడిగేటప్పుడు ఆ సైగను శరీరంపై ఎక్కడో ఒకచోట, ఏదో ఒక తీరులో చేయాల్సి వస్తుంది. చేసిన క్షణాన జవాబు మీరే అందించినట్టు అవుతుంది. మేజిస్ట్రేట్ ఎంతో జాగ్రత్తగా, దారి చూపకుండా అడిగిన ప్రశ్న మీ చేతుల్లో దారి చూపే ప్రశ్నగా మారిపోతుంది. ఎదుటి లాయరు సైగల భాష తెలిసినవారిని తెచ్చుకుని వీడియో చూపిస్తే మీ దగ్గర సమాధానం ఉండదు. శిక్షణ పొందినవాళ్లు ఇక్కడ ఆగి, "ఈ ప్రశ్నను ఇలాగే సైగల్లో అడిగితే జవాబు సూచించినట్టవుతుంది. 'అతను ఏం చేశాడు' అని అడగమంటారా, మనిషి బొమ్మ ఇచ్చి చూపించమనమంటారా?" అని మేజిస్ట్రేట్‌ను అడుగుతారు. ప్రశ్న మార్చే అధికారం తమది కాదని వాళ్లకు తెలుసు. ప్రమాదం ఉందని చెప్పాల్సిన బాధ్యత తమదేననీ తెలుసు. న్యాయస్థానాల్లో పనిచేసే ఇంటర్‌ప్రెటర్ శిక్షణలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇస్తాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

పూర్తిగా తప్పుకోవచ్చు. మీ భర్త కోరేది అదే. ఆయన భయంలో అన్యాయం ఏమీ లేదు. ఇలాంటి కేసులు సాగుతాయి, సమన్లు వస్తాయి, స్కూల్లో సెలవు అడగాల్సి వస్తుంది. కానీ ఫోన్ ఎత్తకుండా తప్పుకుంటే దర్యాప్తు అధికారి మళ్లీ ఎవరో ఒకరిని, బహుశా బంధువునే, కూర్చోబెడతారు. తప్పుకోవాలనుకుంటే కారణం రాసిచ్చి, అర్హత ఉన్నవాళ్లను ఎక్కడ అడగాలో చెప్పి తప్పుకోండి. అయినా ఒక మాట తెలుసుకోండి. మొదటి వాంగ్మూలం మీ ద్వారా నమోదైంది కాబట్టి, అది ఎలా జరిగిందో చెప్పమని మిమ్మల్ని సాక్షిగా పిలిచే అవకాశం ఎటూ ఉంది. పూర్తిగా బయటపడే దారి ఇప్పుడు లేదు.

లేదా, మొన్నటిలాగే ఒంటరిగా వెళ్లవచ్చు. నాన్నగారు కోరేది ఇది. దీనివల్ల పని త్వరగా అవుతుంది, పోలీసులూ సంతోషిస్తారు. కానీ పోక్సో నియమాల ప్రకారం సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్‌కు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచో, వైకల్య రంగంలో కోర్సులకు గుర్తింపు ఇచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన సంస్థ నుంచో తగిన అర్హత ఉండాలి. మీకు అది లేదు. పోక్సో చట్టం 26వ సెక్షన్‌లో "బిడ్డ సంభాషణ పద్ధతి తెలిసిన వ్యక్తి" సాయం కూడా తీసుకోవచ్చని ఉంది. అయితే ఆ అమ్మాయి ఇంటి సైగలు మీకు తెలియవని మీరే రాశారు. అర్హత కాగితమూ లేక, ఆ సైగలతో పరిచయమూ లేక, మొదటి వాంగ్మూలంలోనూ మీరే ఉండి, నాన్నగారి స్నేహం కూడా తోడైతే, అది డిఫెన్స్ లాయరుకు అడగకుండానే దొరికిన అవకాశం. ఈ దారి వద్దని గట్టిగా చెబుతాను. ఆ పిల్ల కోసమే చెబుతున్నాను.

మూడో దారి కొంచెం ఆలస్యం, కొంచెం శ్రమ. ఇంటర్‌ప్రెటర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, నిపుణుల జాబితాను ప్రతి జిల్లాలో జిల్లా బాలల సంరక్షణ యూనిట్, అంటే డీసీపీయూ, నిర్వహించాలి. మీ జిల్లా జాబితాలో సంజ్ఞా భాషకు ఎవరూ లేకపోతే పక్క జిల్లా నుంచో, విజయవాడ, హైదరాబాద్ నుంచో పిలిపించమని దర్యాప్తు అధికారిని కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, బాధితురాలు చూపులేని యువతి, సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పులో ఇలాంటి ఇంటర్‌ప్రెటర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్ల వివరాలు ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఉండాలని చెప్పింది. కాబట్టి మీరు అడిగేది గొంతెమ్మ కోరిక కాదు.

ఈ కేసులో అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఒక్కరూ చాలరు. వాళ్లతో పాటు ఒక బధిర వ్యక్తి కావాలి. బడికి వెళ్లని బధిరులతో బాగా మసలినవారు, ఆ కుటుంబంతో సంబంధం లేనివారు. బధిర వ్యక్తి బాలికతో బొమ్మలతో, అభినయంతో, చూపుతో మాట్లాడి, అర్థమైనదాన్ని సంజ్ఞా భాషలో చెబుతారు. వినికిడి ఉన్న ఇంటర్‌ప్రెటర్ దాన్ని తెలుగులో మేజిస్ట్రేట్‌కు చెబుతారు. ఇద్దరూ ప్రమాణం చేస్తారు. ఇంటి సైగల పిల్లల విషయంలో ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. చెవులు వినిపించేవాళ్లం ఎంత గొప్పగా నేర్చుకున్నా చేరలేని చోటికి బధిరులు చేరతారు. వాంగ్మూలానికి ముందు వీళ్లు బాలికతో కాసేపు కూర్చుని ఆమె సైగలు తెలుసుకోవాలి. కానీ కేసు మాట ఎత్తకూడదు. తిండి, ఆటలు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇలాంటి మాటలే మాట్లాడాలి. అదీ అనుమతితో, వీలైతే వీడియో తీస్తూ. లేకపోతే "నేర్పించి తీసుకొచ్చారు" అంటారు.

ఈ దారిలో మీ పాత్ర ఏమిటని అడుగుతారేమో. రాబోయే ఇంటర్‌ప్రెటర్‌కు, మేజిస్ట్రేట్‌కు తెలిసేలా, ఆ రోజు మీరు గమనించిన ఇంటి సైగలను రాసివ్వవచ్చు. కావాలంటే సాక్షిగా నిజం చెప్పవచ్చు. చెయ్యాల్సింది తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ అమ్మాయికి ఇప్పుడు మీరు చేయగల పెద్ద మేలు ఇదే. ఆమెను ఓదార్చాలన్న కోరిక కూడా మీ ఉత్తరంలో కనిపించింది. అందుకు బాలల సంక్షేమ కమిటీ సపోర్ట్ పర్సన్‌ను, అంటే కేసు సాగినంతకాలం బిడ్డకు తోడుండే మనిషిని, ఏర్పాటు చేస్తుంది. ఆ పనీ ఇంటర్‌ప్రెటర్ పనీ ఒకరే చేయకూడదు.

ఒకవేళ ఎవరూ దొరకలేదు, మేజిస్ట్రేట్ అన్నీ విన్నాక కూడా మిమ్మల్నే ఉండమన్నారనుకోండి. అప్పుడు వెళ్లండి, కానీ మీ కట్టుబాట్లతో వెళ్లండి. ప్రమాణం చేయించమని మీరే అడగండి. కెమెరాలో బాలిక చేతులు, ముఖం, మీ చేతులు, ముఖం అన్నీ పడాలని చెప్పండి. సైగలకు మీరిచ్చిన అర్థం ఒక్కటే కాదు, ఆ సైగలు కూడా రికార్డులో కనిపించాలి. కిటికీ వెలుతురు మీ వెనక నుంచి రాకుండా కూర్చోండి. బంధువులు ఆ అమ్మాయి చూపు పడే చోట ఉండకూడదని కోరండి. అరగంటకొకసారి విరామం అడగండి. చేతులకన్నా మెదడు ముందు అలిసిపోతుంది, తప్పులు అప్పుడే మొదలవుతాయి. అర్థం కాని చోట అర్థం కాలేదని చెప్పండి, ఎన్నిసార్లైనా.

డబ్బు సంగతి మీరు మొహమాటపడుతూ రాశారు. మొహమాటం వద్దు. ఈ పనికి ఫీజు ఇవ్వాలని, అది నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనం కంటే తక్కువ ఉండకూడదని పోక్సో నియమాల్లోనే ఉంది. డీసీపీయూ ద్వారా ఇస్తారు. ఆటో ఖర్చులతో సరిపెట్టుకోవడం దయ అనిపించుకోవచ్చు గానీ, ఇది ఎవరైనా ఊరికే చేసిపెట్టే పని అన్న అభిప్రాయం అలాగే గట్టిపడుతుంది. తర్వాత వచ్చే ఇంటర్‌ప్రెటర్ దాని ఫలితం అనుభవిస్తారు.

ఇక డిప్లొమా. డిస్లీ (భారతీయ సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటేషన్ డిప్లొమా) అని పిలిచే ఈ రెండేళ్ల కోర్సు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఈ ఏడాది సీట్ల సంగతి అక్కడే నేరుగా కనుక్కోండి. చేరితే మీకు భాష కొత్తగా నేర్పుతారని అనుకోకండి. మీ ఇంటి సైగలకూ, దేశమంతా బధిరులు వాడుతున్న భారతీయ సంజ్ఞా భాషకూ తేడాలు తెలుస్తాయి. బధిర ఉపాధ్యాయులు మీ చేతులను సరిదిద్దుతారు, అది మొదట్లో కాస్త గుచ్చుకుంటుంది. సర్దుబాటు అలవాటు పోతుంది. చేతిలో అర్హత ఉంటుంది.

కానీ డిప్లొమా వచ్చిన మర్నాడే కోర్టుకు సిద్ధమైపోతారని అనుకోవద్దు. అది సాధారణ శిక్షణ. కోర్టుకో, ఆస్పత్రికో ప్రత్యేకంగా తయారవడం ఆ తర్వాతి మెట్టు. మన దగ్గర ఆ మెట్టు ఇంకా సరిగ్గా కట్టలేదు, ఎవరికి వాళ్లు కట్టుకోవాలి. పోక్సో విచారణలు ఆంతరంగికంగా జరుగుతాయి కాబట్టి చూడలేరు. మామూలు క్రిమినల్ కోర్టుల్లో కూర్చుని చూడవచ్చు. ఛార్జిషీటు నుంచి తీర్పు దాకా ఏ దశలో ఏం జరుగుతుందో తెలియనివాళ్లు లాయరు ఎందుకలా అడుగుతున్నాడో పట్టుకోలేరు. లా కాలేజీ మూట్ కోర్టుల్లో, అంటే విద్యార్థుల నమూనా విచారణల్లో, సాధన చేయవచ్చు. అక్కడ తప్పు చేసినా ఎవరి జీవితమూ పోదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో తెచ్చిన వీడియో నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది, అందులో న్యాయానికి సంబంధించిన పదాలూ ఉన్నాయి. బెయిలు, ముద్దాయి, వాంగ్మూలం లాంటి మాటలకు మీ జిల్లా బధిరులు ఏ సైగ వాడుతున్నారో పక్కన రాసుకుంటూ పోండి. మీ నాన్నగారు ఇందులో మీకు మంచి తోడవుతారు.

ఉద్యోగం మానాలా అన్నది ఇంటి లెక్క, నేను తేల్చలేను. రెండేళ్లు జీతం లేకుండా నడుస్తుందా, హాస్టల్ ఖర్చు ఎంత, మీ వారు ఏమంటారు, కూర్చుని రాసుకోండి. పూర్తయ్యాక కోర్టు పని ఒక్కటే మిమ్మల్ని పోషించదు. బధిరుల పాఠశాలలు, కాలేజీలు, సమావేశాలు, టీవీ వార్తలు కలిస్తేనే రాబడి. వెంటనే తేల్చుకోలేకపోతే ఈ కేసు వేడి తగ్గేదాకా ఆగండి. అపరాధ భావంతో చేరే కోర్సు మధ్యలో ఆగిపోతుంది. పిల్లలకు లెక్కలు చెప్పడమే మీకు ఇష్టమైతే అందులోనే ఉండండి, సంఘంలో ఇంకెవరైనా యువతీ యువకులను ఈ కోర్సుకు పంపించండి. అదీ చిన్న పని కాదు.

నిద్ర విషయం. ఇంటర్‌ప్రెటర్ "ఆమె ఇలా అంటోంది" అనదు, "నన్ను ఇలా చేశాడు" అని ఆ పిల్ల గొంతుతోనే చెబుతుంది. అలా చెప్పిన మాటలు మనసులో ఉండిపోతాయి. పిరికితనం వల్ల కాదు, పని అలాంటిది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. మీకేమవుతోందో చెప్పండి, కేసు వివరాలు చెప్పనవసరం లేదు. నియమాల ప్రకారం ఆ వివరాలు మీ దగ్గర రహస్యంగానే ఉండాలి. మీ భర్తకూ, నాన్నకూ కూడా చెప్పకూడదు. సంఘంలో ఎవరైనా అడిగితే "కోర్టు విషయం, నేను మాట్లాడకూడదు" అని నాన్నగారి చేతనే చెప్పించండి. ఆ పిల్ల అబద్ధం చెప్పదని ఆయన మీతో అంటూ ఉంటారని రాశారు. ఆ మాట కూడా ఇక మీ దగ్గర అనొద్దని మెల్లగా చెప్పండి.

ఈ వారంలోనే చేయాల్సింది ఒక్కటి. దర్యాప్తు అధికారికి ఒక పేజీ లేఖ రాయండి. ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీన బాలిక వాంగ్మూలం సమయంలో నేను సైగలకు అర్థం చెప్పాను. నాకు ఇంటర్‌ప్రెటర్‌గా గుర్తింపు పొందిన అర్హత లేదు. బాలిక వాడేవి ఎక్కువగా ఇంటి సైగలు. ఎప్పుడు, ఎన్నిసార్లు అన్న ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబులు నాకు స్పష్టంగా అర్థం కాలేదు, నేను చెప్పినవి నా ఊహ. కొన్ని మాటలు గదిలో ఉన్న బంధువులు అందించారు. బాలిక బాబాయితో మా నాన్నగారికి పరిచయం ఉంది. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలానికి అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను, ఒక బధిర సహాయకుడిని లేదా సహాయకురాలిని ఏర్పాటు చేయగలరని కోరుతున్నాను."

ఈ లేఖ కేసును బలహీనపరుస్తుందని ఎవరైనా మిమ్మల్ని ఆపవచ్చు. డిఫెన్స్ దీన్ని వాడుకోదని నేను హామీ ఇవ్వలేను. కానీ వాంగ్మూలం సరిగ్గా తీసుకోవడానికి ఇప్పుడు అవకాశం ఉంది, ఏడాది తర్వాత క్రాస్‌లో ఇదే విషయం బయటపడితే ఉండదు. ఇవ్వడానికి ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి ఒక లాయరుకు చూపించండి, మహిళలకు అక్కడ సలహా ఉచితం. ఒక కాపీ డీసీపీయూకు ఇవ్వండి. రెండు చోట్లా ముద్ర, తేదీతో రసీదు తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి.